మంగోలులు లక్షల్లో వచ్చిపడ్డారు కాబట్టే గెలిచారా? మా బావమరిదితో తెగని వాదన

కోటగుమ్మం
నిన్న ఆదివారం భోజనాల దగ్గర మా బావమరిదికీ నాకూ గట్టి వాదన అయింది. ఫోన్‌లో ఏదో వీడియో చూసి వచ్చాడు. వాడు చెప్పినవి ఇవి. మంగోలులు మిడతల దండులా లక్షల్లో వచ్చి పడేవాళ్లట, అందుకే ఎవరూ నిలవలేకపోయారట. వాళ్లకి యుద్ధవిద్య అంటూ ఏమీ లేదట, ఉన్నదల్లా క్రూరత్వమేనట. చెంగిజ్ ఖాన్ ముస్లిమట, పేరులోనే ఖాన్ ఉంది కదా అంటాడు. మన దేశం వైపు మాత్రం వాళ్లు కన్నెత్తి చూడలేదట, హిమాలయాలు అడ్డమట.

ఇవి తప్పని నాకు తెలుసు. కానీ ఒక్కోదానికి ఇదీ ఆధారం అని చూపించలేకపోయాను. చివరికి మా ఆవిడ "ముందు పెరుగన్నం తినండి ఇద్దరూ" అని ఆపింది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నాడు.

పాతపుటలు
ముందు లెక్క సంగతి. పర్షియాలో మంగోలు కొలువులోనే మంత్రిగా పనిచేసిన రషీదుద్దీన్ రాసిన చరిత్రలో, 1227లో చెంగిజ్ ఖాన్ పోయేనాటికి సైన్యం 1,29,000 అని ఉంది. అది ఒక్క దండయాత్రకి వెళ్లిన సేన కాదు, మొత్తం. అవతల ఉత్తర చైనాని ఏలే జిన్ రాజ్యానికి కోట్లలో జనం. మధ్య ఆసియానీ పర్షియానీ ఏలే ఖ్వారజ్మ్ షా దగ్గరా పెద్ద సైన్యమే ఉండేది. కాకపోతే దాన్ని కోటకింత అని పంచి కూర్చోబెట్టాడు. మంగోలులు ఒక్కో కోటని విడిగా పట్టుకున్నారు.

మరి లక్షల్లా ఎందుకు కనిపించారంటే, అలా కనిపించాలనే వాళ్ల ప్రయత్నం. 1204లో నైమన్ తెగ మీదకి వెళ్లినప్పుడు ఒక్కో మనిషి ఐదేసి నెగళ్లు వెయ్యాలని ఆజ్ఞ. కొండ మీద నుంచి చూసిన శత్రు కాపలావాళ్లకి చుక్కలకంటే ఎక్కువ మంటలు కనిపించాయి. 1221లో ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్‌లోని పర్వాన్ దగ్గర ఖాళీ గుర్రాల మీద గడ్డిబొమ్మలు కూర్చోబెట్టారు. పైగా ఒక్కో రౌతు వెంట మూడు, నాలుగు గుర్రాలు ఉండేవి. దూరం నుంచి ఆ దుమ్ము చూస్తే పదివేలమంది యాభైవేల మందిలా కనిపిస్తారు.

ఇంగ్లీషులో హోర్డ్ అంటే ఇప్పుడు అదుపులేని గుంపు. కానీ ఆ మాట పుట్టింది ‘ఓర్దు’ నుంచి. దాని అర్థం శిబిరం, విడిది. ఉర్దూ భాషకి ఆ పేరు వచ్చిందీ అక్కడి నుంచే.

రమణి_టీచర్
ఖాన్ సంగతి నేను చెబుతాను. ఏటా ఏడో తరగతిలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. ఖాన్ అనేది ఇంటిపేరు కాదు, మతానికి గుర్తూ కాదు. మన దగ్గర ‘రాజు’, ‘దొర’ ఎలాగో, గడ్డిమైదానాల తెగల్లో నాయకుడి బిరుదు అది. ఆయన సొంత పేరు తెమూజిన్. 1206లో ఓనోన్ నది దగ్గర తెగలన్నీ కలిసి సభ పెట్టి చెంగిజ్ ఖాన్ అని పిలిచాయి. కొలిచింది తెంగ్రిని, అంటే నీలాకాశాన్ని. ఆయన కోడళ్లలో నెస్టోరియన్లనే తూర్పు శాఖ క్రైస్తవులున్నారు. తర్వాత చైనాని ఏలిన మనవడు కుబ్లాయ్ తల్లి సొర్ఖఖ్‌తాని అలాంటావిడే. పర్షియా వైపు, వోల్గా వైపు ఉన్న మంగోలు పాలకులు ఇస్లాం తీసుకోవడం తర్వాతి తరాల సంగతి.

అసలు 1219 నుంచి ఆయన చేతిలో నాశనమైన బుఖారా, సమర్‌కండ్, నిషాపూర్ అన్నీ ముస్లిం నగరాలే. పిల్లలకి ఈ ఒక్క మాట చెబితే చాలు, సందేహం తీరిపోతుంది.

నల్లగొండ_నవీన్
మరి మొఘలులు అంటే మంగోలులే కదా? నేను డిగ్రీ దాకా అదే అనుకున్నా.

రమణి_టీచర్
@నల్లగొండ_నవీన్ పేరు అదే, ఇంట్లో లెక్క వేరు. పర్షియన్‌లో మంగోలుని ‘ముఘల్’ అంటారు. బాబర్ తండ్రి వైపు తైమూర్ వంశం, తల్లి వైపు చెంగిజ్ కొడుకు చగతాయ్ వంశం. ఆయన మాత్రం తనని తైమూర్ వాడిననే చెప్పుకున్నాడు. తన ఆత్మకథలో ముఘల్ మూకల్ని బాగా తిట్టుకున్నాడు కూడా. ఆ పేరే తన వంశానికి అంటుకుంటుందని ఆయన ఊహించి ఉండడు.

నిజం_నిష్ఠూరం
సంఖ్య తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఈ మధ్య ఇలాంటి చర్చలన్నీ చివరికి మంగోలుల్ని పొగడటంలోకి దిగుతున్నాయి. క్రమశిక్షణ, మత సహనం, తపాలా వ్యవస్థ అంటూ మొదలుపెడతారు. మధ్య ఆసియాలోని మెర్వ్ నగరం ఏమైంది? నిషాపూర్ ఏమైంది? పట్టుబడిన ఊళ్ల జనాన్ని ముందు నడిపించి, తర్వాతి ఊరి కోట కందకంలో మట్టి పోయించారు. గోడ మీద నుంచి బాణం వేస్తే తగిలేది తమ పక్క ఊరివాడికే. మీ బావమరిది ‘క్రూరత్వం’ అన్నది అబద్ధం కాదు.

పాతపుటలు
@నిజం_నిష్ఠూరం మీరన్న ప్రతి మాటా నిజం. నేను కాదనేది ‘ఒట్టి క్రూరత్వమే’ అన్నదాన్ని. ఆ క్రూరత్వానికి కూడా ఒక లెక్క ఉంది, అదే ఇంకా భయం పుట్టిస్తుంది. తలవంచిన ఊరిని పన్ను తీసుకుని వదిలేశారు. ఎదురు తిరిగిన ఊరిని తుడిచేశారు. లొంగి మళ్లీ తిరగబడితే ఇక దయ అన్నదే లేదు. హెరాత్‌కి జరిగింది అదే. మొదట లొంగింది కాబట్టి ప్రాణాలు దక్కాయి. తర్వాత తిరగబడింది, 1222లో సర్వనాశనమైంది. ఆ వార్త వాళ్లకంటే ముందే పక్క ఊరికి చేరేది. చాలా కోటల తలుపులు యుద్ధం లేకుండానే తెరుచుకున్నాయి.

చంపేటప్పుడు కూడా చేతిపనివాళ్లని వేరుచేసి పక్కన నిలబెట్టేవారు. ఒక్క సమర్‌కండ్ నుంచే ముప్పైవేల మంది పనివాళ్లని తరలించారని మంగోలు కొలువులో పనిచేసిన పర్షియన్ చరిత్రకారుడు జువైనీ రాశాడు. నేతగాళ్లు, కమ్మరులు, కంసాలులు, అందరూ ఎక్కడో వేల మైళ్ల అవతల తేలారు.

డల్లాస్_సుబ్బు
మెర్వ్‌లో 13 లక్షల మంది చనిపోయారని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాతపుటలు
ఆ లెక్క జువైనీదే. ఒక సయ్యద్ కొంతమందిని వెంటబెట్టుకుని పదమూడు రోజులు శవాలు లెక్కపెట్టాడని రాశాడు. కానీ ఆ కాలంలో ఏ నగరంలోనైనా అంతమందికి నీళ్లూ తిండీ ఎక్కడివి? చుట్టుపక్కల పల్లెలవాళ్లు లోపలికి వచ్చి తలదాచుకున్నా అంత సంఖ్య కుదరదు. చరిత్రకారులు చాలామంది దాన్ని ‘లెక్కపెట్టలేనంత’ అనే అర్థంలోనే తీసుకుంటారు. మనవాళ్లు కూడా ‘కోటిమంది వచ్చారు జాతరకి’ అంటారు కదా.

నిజం_నిష్ఠూరం
అంకె తగ్గించినంత మాత్రాన దుఃఖం తగ్గదు. మెర్వ్, నిషాపూర్ ఉన్న ఖొరాసాన్‌లో భూమి అడుగున తవ్విన నీటి కాలవలు ఉండేవి, వాటిని కనాత్‌లు అంటారు. ఏటా దిగి పూడిక తియ్యాలి. తీసేవాళ్లు చచ్చిపోతే కాలవ పూడిపోతుంది. కాలవ పూడితే పొలం ఎండుతుంది. ఊరు మళ్లీ లేవదు. మాది అనంతపురం జిల్లా. మా తాతల నాటి ఊట కాలవ ఒకటి పూడిక తీసే దిక్కులేక మా కళ్లముందే ఎండిపోయింది. దాని కింద ముప్పై ఎకరాలు బీడు పడ్డాయి. అక్కడ యుద్ధం లేదు, ఏమీ లేదు, మనుషులు వలస పోయారంతే. ఒక రాజ్యమంతా ఒకేసారి అలా అయితే ఎలా ఉంటుందో నేను ఊహించగలను. అందుకే పొగిడితే ఊరుకోలేను.

కోటగుమ్మం
@నిజం_నిష్ఠూరం ఈ కాలవల సంగతి నాకు అసలు తెలియదు. ఇలాంటిదే కావాలి నాకు. మరి యుద్ధవిద్య మాటేమిటి? అది కూడా ఎవరైనా చెప్పండి.

విల్లంబు
పదుల లెక్కలో కట్టిన సైన్యం అది. పదిమంది ఒక జట్టు, పది జట్లు వంద, పది వందలు వెయ్యి, పది వేలు కలిస్తే తూమెన్. తెగల్ని విడదీసి ఈ జట్లలో కలిపేశారు. కాబట్టి నాయకుడు ఎవడంటే మా తెగ పెద్ద అనడానికి లేదు, పైనుంచి వేసినవాడే. వాళ్ల పేరుమోసిన సేనాని సుబుదాయ్ పుట్టుకతో దొర కాదు, కమ్మరి కొడుకని అంటారు. 1241 ఏప్రిల్‌లో పోలండ్‌లో లెగ్నిత్స దగ్గర 9న, హంగరీలో మోహి దగ్గర 11న, రెండు రోజుల తేడాలో రెండు వేరు వేరు సేనలు గెలిచాయి. మధ్య దూరం వందల కిలోమీటర్లు. ఫోన్ లేదు, వైర్‌లెస్ లేదు. అదుపులేని గుంపుకి అది సాధ్యమా?

దీనికి బడి వాళ్ల వేట. చలికాలంలో వేలమంది కలిసి మైళ్ల పొడవున వలయం కట్టి, రోజుల తరబడి దాన్ని బిగించుకుంటూ వచ్చి మృగాల్ని మధ్యలోకి తోలేవారు. తన పక్క నుంచి జంతువు తప్పించుకుంటే శిక్షే. యుద్ధంలో చేసిందీ అదే, మృగాల బదులు మనుషులు.

ఇక విల్లు. నేను విలువిద్య నేర్చుకుంటున్నాను, అందుకే ఈ పేరు. మంగోలు విల్లుకి మధ్యలో చెక్క, కడుపు వైపు కొమ్ము, వీపు వైపు ఎండబెట్టి దువ్విన నరం, అన్నీ జిగురుతో అతికినవి. నారి తీసేస్తే అవతలి వైపుకి వంగిపోతుంది, మన చేతిలో పెడితే ఏది లోపలో ఏది బయటో తెలియదు. మా గురువుగారి దగ్గర ఆ పద్ధతిలో చేసింది ఒకటి ఉంది. మొదటిసారి లాగినప్పుడు బొటనవేలు చర్మం లేచిపోయింది. వాళ్లు లాగేది బొటనవేలితోనే, దానికి ఉంగరం వేసుకుంటారు. నేను వేసుకోలేదు. దీని శత్రువు తేమ. వానాకాలంలో మా గురువుగారు దాన్ని బియ్యం డబ్బా పక్కన, పొయ్యి వెచ్చదనం తగిలేచోట పెడతారు.

గోదారోడు
అలాంటి విల్లు మా కోనసీమలో జూలైలో ఒక్క వారం ఆగదు. ఊడి చేతికొస్తుంది :)

జట్కా_మనవడు
అందరూ విల్లు, కత్తి అంటున్నారు. గుర్రం గురించి ఎవరూ మాట్లాడరేం?

మా తాత రాజమండ్రిలో జట్కా తోలేవాడు. ఒక్క గుర్రం. దాని కోసం ఇంట్లో తెల్లవారుజాము నాలుగింటికి దీపం వెలిగేది. రాత్రి నానబెట్టిన ఉలవలు, పొద్దున ఉడకబెట్టి కాస్త బెల్లం, మధ్యాహ్నం పచ్చగడ్డి మోపు, రోజుకి రెండు మూడు బిందెల నీళ్లు. ఉలవల ధర పెరిగిన నెల మా ఇంట్లో పప్పు తగ్గేదని నాన్న చెప్పేవాడు. ఒక్క గుర్రానికే అంత. ఇప్పుడు పదివేలమంది రౌతులు, ఒక్కొక్కరికి నాలుగు గుర్రాలు, అంటే నలభైవేలు. వాటికి ఉలవలు మోసుకెళ్లాలంటే ఎన్ని బళ్లు కావాలి? వాళ్ల వెంట ధాన్యం బళ్లు లేవు. ఆ గుర్రం గడ్డి మీదే బతుకుతుంది. అసలు కిటుకు అదీ అని నా నమ్మకం.

స్టెప్పీగాలి
@జట్కా_మనవడు నూటికి నూరుపాళ్లు. నేను ఉలాన్‌బాతర్‌లో రెండేళ్లు గని ఉద్యోగం చేశాను. ఆ గుర్రాన్ని మొదటిసారి చూసినప్పుడు పిల్ల గుర్రం అనుకున్నా. అంత పొట్టి. తల పెద్దది, మెడ మందం, చలికాలం వచ్చేసరికి ఒళ్లంతా ఎలుగుబంటిలా బొచ్చు. జనవరిలో మైనస్ 30 దాటిన ఒక రోజు సైట్‌కి వెళ్తూ చూశాను, పాతిక ముప్పై గుర్రాలు ముందుకాలి డెక్కతో టకటకా మంచు తవ్వి, కింద పసుపు పచ్చగా ఉన్న ఎండుగడ్డి లాగి తింటున్నాయి. కాపరి ఎక్కడా లేడు. పాకా లేదు, దాణా లేదు. మా డ్రైవర్‌ని అడిగితే "వసంతం దాకా అంతే, వాటి పని అవే చూసుకుంటాయి" అన్నాడు.

1237 చివర్లో రష్యా మీదకి చలికాలంలో ఎందుకు దిగారో నాకు ఆ రోజు అర్థమైంది. అందరికీ చలికాలం అంటే యుద్ధం ఆపే కాలం. వాళ్లకి గడ్డకట్టిన నదులే రోడ్లు.

ఇంకోటి, ఆడ గుర్రాల పాలు పులియబెట్టి తాగుతారు, ఐరగ్ అంటారు. వేసవిలో ఏ గుడారంలోకి వెళ్లినా గిన్నె చేతిలో పెడతారు. పుల్లగా, కాస్త నురగగా, మన పల్చటి పుల్లమజ్జిగకి దగ్గర. అంటే సైన్యం వెంట ఆహారం కూడా తన కాళ్ల మీద తనే నడిచి వస్తుంది.

నల్లగొండ_నవీన్
పచ్చి మాంసం జీను కింద పెట్టి మెత్తబరిచి తినేవాళ్లంట కదా?

స్టెప్పీగాలి
ఆ మాట మంగోలులకంటే ఎనిమిది వందల ఏళ్ల ముందు హూణుల గురించి ఒక రోమన్ రచయిత రాసింది. అక్కడి నుంచి ఇక్కడికి అతికించారు. నేను చూసినంతలో వాళ్లు మాంసాన్ని చలికాలపు గాలికి సన్నని పట్టీలుగా ఎండబెడతారు. మన ఉప్పుచేపలా ఎంతకాలమైనా ఉంటుంది. నీళ్లలో వేసి మరిగిస్తే చాలు.

డల్లాస్_సుబ్బు
సరే, గడ్డి మీద బతికే గుర్రాలు, అద్భుతమైన విల్లు. కానీ రౌతులు కోటలు ఎలా పడతారు? గోడకి గుర్రం ఎక్కదు కదా. మోహిలో రాళ్లు విసిరే యంత్రాలు వాడారని చదివాను, అవి ఎక్కడివి?

పాతపుటలు
మొదట్లో పట్టలేకపోయారు. 1209లో చైనాకి వాయవ్యాన ఉన్న పశ్చిమ షియా అనే రాజ్యపు (ముస్లిం షియాలు కాదు) రాజధాని మీద ముట్టడి వేసి, హువాంగ్ హో నదికి కట్ట కట్టి నీళ్లు ఊరి మీదకి మళ్లించబోయారు. ఆ కట్ట తెగి వాళ్ల శిబిరమే మునిగింది. తర్వాత నేర్చుకున్నారు. తాము నేర్చుకోవడంకంటే, తెలిసినవాళ్లని చేర్చుకోవడం అందామా. చైనా ఇంజనీర్లు, పర్షియా ఇంజనీర్లు. దక్షిణ చైనాలో షియాంగ్‌యాంగ్ కోట ఐదేళ్లు లొంగలేదు. అప్పుడు కుబ్లాయ్ పర్షియా వైపు నుంచి ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే ఇద్దరు నిపుణుల్ని రప్పించాడు. ఒకవైపు బరువు వేలాడదీసి పెద్ద బండల్ని విసిరే యంత్రాలు కట్టారు వాళ్లు. 1273లో కోట లొంగింది. దక్షిణ చైనాని ఏలిన సుంగ్ రాజ్యం మొత్తం మీద 1279 దాకా నిలిచింది. మెరుపులా ప్రపంచాన్ని గెలిచేశారు అనేది కూడా అపోహే. చైనా ఒక్కటే చెంగిజ్ మొదలుపెట్టిన 1211 నుంచి మనవడి కాలందాకా సాగింది.

రమణి_టీచర్
చైనా గోడ దాటారు అని పిల్లలు రాస్తారు. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే రాతి గోడ చాలావరకు మింగ్ రాజులు కట్టించింది. అంటే మంగోలుల్ని వెళ్లగొట్టిన తర్వాత.

గోదారోడు
పాలస్తీనాలోని ఐన్ జాలూత్‌లో ఈజిప్టు సేనల చేతిలో మొదటిసారి ఓడిపోయారు అంటారు. అది నిజమేనా?

పాతపుటలు
మొదటిసారి కాదు. పైన చెప్పిన పర్వాన్‌లో, 1221లోనే ఖ్వారజ్మ్ షా కొడుకు జలాలుద్దీన్ వాళ్లని ఓడించాడు. గడ్డిబొమ్మల ఎత్తు అక్కడ పారలేదు. 1260 సెప్టెంబర్‌లో ఐన్ జాలూత్ గెలుపు పెద్దదే, కానీ ఎదురుగా ఉన్నది మొత్తం సైన్యం కాదు. పెద్ద ఖాన్ మోంగ్కే పోయాక ఆయన తమ్ముడు హులాగు ఎక్కువమందిని వెనక్కి తీసుకెళ్లాడు. మిగిలింది కిత్‌బుఖా చేతికింద ఉన్న చిన్న దళం. @జట్కా_మనవడు ఇది మీకోసం: హులాగు తర్వాత ఫ్రాన్స్ రాజుకి రాసిన ఉత్తరంలో, సిరియాలో గడ్డీ మేతా అయిపోయాయి కాబట్టి వెనుదిరిగానని రాశాడు.

జట్కా_మనవడు
చూశారా! మా తాత ఉంటే ఈ మాట విని పొంగిపోయేవాడు. "మేత చూసుకోనివాడు బండి కట్టకూడదు" అనేవాడు.

డల్లాస్_సుబ్బు
హంగరీ నుంచి 1242లో వెళ్లిపోయింది మాత్రం చెంగిజ్ కొడుకు ఒగెదేయ్ ఖాన్ పోయాడనే కదా? ఇందులో అపోహ లేదనుకుంటా.

విల్లంబు
అది ఒక కారణం, ఒక్కటే కారణం అనలేం. ఆ దండయాత్ర నడిపిన చెంగిజ్ మనవడు బాతు ఆ తర్వాత మంగోలియాకి వెళ్లనే లేదు, వోల్గా దగ్గరే ఉండిపోయాడు. ఆ ఏడు హంగరీ మైదానాలు చిత్తడి అయ్యాయని చెట్ల వలయాలు చూసి చెప్పినవాళ్లు ఉన్నారు. రాతి కోటలు లొంగలేదు అనేవాళ్లూ ఉన్నారు. నాకు మేత కారణమే బలంగా అనిపిస్తుంది.

డల్లాస్_సుబ్బు
@విల్లంబు నేను ఒప్పుకోను. ఖాన్ పదవి ఖాళీ అయితే ఏ యువరాజైనా దగ్గర్లో ఉండాలనుకుంటాడు. వెళ్లకపోయినా కళ్లూ చెవులూ అటే ఉంటాయి. ఇది మన ఊళ్లో సర్పంచ్ ఎన్నికలప్పుడు కూడా చూస్తాం.

విల్లంబు
సరే, ఇది ఇక్కడ తేలదు. వదిలేద్దాం.

గోదారోడు
జపాన్‌లో మాత్రం తుఫానే కాపాడింది కదా. తుఫాన్ల ఊరివాణ్ణి, నాకు ఆసక్తి.

విల్లంబు
తుఫాను నిజం. కానీ 1274 దాడి తర్వాత జపాన్‌వాళ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. 1276లో హకాతా తీరం పొడవునా రాతి గోడ కట్టారు. 1281లో ఓడలు వచ్చి ఆ గోడ దగ్గర దిగలేక వారాల తరబడి నీళ్ల మీదే ఉండిపోయాయి. రాత్రిళ్లు సమురాయ్‌లు చిన్న పడవల్లో వెళ్లి ఓడలెక్కి నరికేవారు. అంతకాలం దిగనివ్వకుండా ఆపారు కాబట్టే ఆగస్టు తుఫాను వాళ్లని సముద్రంలో పట్టుకుంది.

వియత్నాంలో తుఫాను కూడా లేదు. 1288లో బక్ డాంగ్ నదిలో అక్కడి సేనాని ట్రాన్ హుంగ్ డావ్ ఇనుప మొనలు తొడిగిన కొయ్యల్ని పాతించాడు. పోటు మీద ఓడల్ని లోపలికి రప్పించాడు. పాటు రాగానే కొయ్యల మీద కూర్చుండిపోయాయి.

గోదారోడు
పోటూ పాటూ తెలిసిన జాలరి బుర్ర అది. బ్రహ్మాండం.

నల్లగొండ_నవీన్
శవాల్ని కోటలోకి విసిరి ప్లేగు అంటించారని, యూరప్‌కి అలాగే వ్యాపించిందని విన్నా.

రమణి_టీచర్
1346 ప్రాంతంలో క్రిమియాలోని కఫా ముట్టడి గురించి ఆ కథ. రాసింది గాబ్రియేలె దె ముస్సి అనే ఇటలీ నోటరీ. ఆయన అప్పుడు అక్కడ లేడు, విని రాశాడు. విసిరినా విసరకపోయినా ఎలుకలకి, ఓడలకి కోట గోడ అడ్డం కాదు. ఆ ఒక్క ముట్టడి వల్లే యూరప్ అంతా ప్లేగు వచ్చింది అనడం సరికాదు.

ఓరుగల్లు_పిల్ల
‘మన దేశం వైపు చూడలేదు’ అన్నదానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నా. నాకు ఇది చాలా దగ్గరి విషయం.

1221 నవంబరులో చెంగిజ్ ఖాన్ స్వయంగా సింధు నది ఒడ్డుకి వచ్చాడు. జలాలుద్దీన్ గుర్రంతో సహా నదిలోకి దూకి ఈదుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు. ఆశ్రయం ఇమ్మంటే ఢిల్లీలో ఇల్తుత్‌మిష్ ఇవ్వలేదు. 1241లో లాహోర్‌ని కొల్లగొట్టారు. 1285లో ఢిల్లీ సుల్తాను బల్బన్ పెద్ద కొడుకు మహమ్మద్ వాళ్లతో పోరాడి చనిపోయాడు. ఆ యుద్ధంలోనే కవి అమీర్ ఖుస్రో బందీగా చిక్కాడు, తర్వాత తప్పించుకున్నాడు.

అసలు పెద్ద దాడులు అలావుద్దీన్ ఖిల్జీ కాలంలో. 1299లో మంగోలు నాయకుడు కుత్లుగ్ ఖ్వాజా ఢిల్లీ దగ్గర కీలీ దాకా వచ్చాడు. అలావుద్దీన్ సేనాని జఫర్ ఖాన్ మంగోలుల ఒక పక్కని తరుముకుంటూ మైళ్ల దూరం వెళ్లిపోయాడు. వాళ్లు పారిపోతున్నట్టు నటించడంలో ఆరితేరినవాళ్లు. చుట్టుముట్టి చంపేశారు. కానీ ఆయన అంటే వాళ్లకి ఎంత భయమంటే, తర్వాత గుర్రం నీళ్లు తాగకపోతే "జఫర్ ఖాన్ కనిపించాడా ఏంటి?" అనేవారని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1303లో మంగోలు సేనాని తర్ఘీ ఢిల్లీని చుట్టుముట్టేసరికి అలావుద్దీన్ అప్పుడే చిత్తోడ్ నుంచి అలసి వచ్చి ఉన్నాడు. ఇంకో సైన్యం ఎక్కడుందో తెలుసా? ఓరుగల్లు మీదకి వచ్చి, దెబ్బతిని, వర్షాల్లో నానా అవస్థలు పడి తిరిగి వెళ్తోంది. ఉప్పరపల్లి దగ్గర ప్రతాపరుద్రుడి సేనలు వాళ్లని ఓడించాయని మన చరిత్రకారులు చెబుతారు. ఆ మిగిలిన సైన్యం ఢిల్లీకి చేరేసరికి దారులన్నీ తర్ఘీ చేతిలో. సుల్తాను సిరి దగ్గర కందకం తవ్వుకుని రెండు నెలలు లోపలే ఉన్నాడు. చివరికి తర్ఘీయే వెనుదిరిగాడు.

ఆ భయంతోనే అలావుద్దీన్ సిరి కోట కట్టాడు, పెద్ద సైన్యం పెట్టాడు, దానికి తక్కువ జీతంతో సరిపోయేలా బజారులో ధాన్యం ధరలు కట్టడి చేశాడు. 1306లో మంగోలుల్ని ఓడించినవాళ్లలో అలావుద్దీన్ సేనాని మాలిక్ కాఫూర్ ఉన్నాడు. మూడేళ్లకి, 1309లో, అదే కాఫూర్ ఓరుగల్లు దారి పట్టాడు. మంగోలుల కోసం పెంచిన సైన్యం మన మీద పడింది. చిన్నప్పటి నుంచి ఆ కోటలో ఆడుకున్నదాన్ని, ఈ సంగతి డిగ్రీలో చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

కోటగుమ్మం
అమ్మాయీ, ఇది నేను ఎక్కడా వినలేదు. ఓరుగల్లుకీ మంగోలులకీ లింకా!

ఓరుగల్లు_పిల్ల
ఇంకోటి కూడా ఉంది. మన మట్టికోట గురించి ఖుస్రో రాశాడు. చూడటానికి మట్టే కానీ ఉక్కు ఈటె కూడా దిగదని, రాయి విసిరే యంత్రంతో కొడితే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి వస్తుందని. ఒకప్పుడు మంగోలుల చేతిలో బందీగా ఉన్న మనిషే మన గోడని అలా పొగిడాడు.

రమణి_టీచర్
మోటుపల్లిని మర్చిపోకండి. కుబ్లాయ్ కొలువులో ఏళ్ల తరబడి ఉన్న మార్కో పోలో మన తీరం గురించి కూడా రాశాడు. మోటుపల్లి పేరుతోనే దేశాన్నంతా ముత్ఫిలి అన్నాడు. న్యాయంగా ఏలే రాణి గురించి, సాలెగూడంత సన్నని బట్ట గురించి, వజ్రాల గురించి చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవే అంటారు. ఆవిణ్ణి రాజుగారి భార్య అనుకున్నాడు, నిజానికి గణపతిదేవుడి కూతురు.

నిజం_నిష్ఠూరం
@ఓరుగల్లు_పిల్ల బాగా రాశావమ్మా. ఇందాక కాస్త గట్టిగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి అందరూ. ఆ కాలవ గుర్తొచ్చి అలా అయింది.

పాతపుటలు
అనుకోవడానికేముంది. ఆ కాలవల మాట మీరు రాయకపోతే ఈ చర్చలో చనిపోయినవాళ్ల వైపు నుంచి మాట్లాడేవాళ్లే లేరు.

కోటగుమ్మం
ఇదంతా ప్రింట్ తీసి పెట్టాను. బావమరిదికి ఫోన్లో జఫర్ ఖాన్ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ మట్టిగోడ ఇప్పటికీ ఉందా బావా?" అని అడిగాడు. వచ్చే ఆదివారం భోజనాలు క్యాన్సిల్, ఇద్దరం పొద్దున్నే బండి మీద వరంగల్ వెళ్తున్నాం. ఆ గోడ ఎక్కడ బాగా కనిపిస్తుంది?

ఓరుగల్లు_పిల్ల
కోటకి వెళ్లే రోడ్డే దాన్ని చీల్చుకుని వెళ్తుంది బాబాయ్. చెట్లూ గడ్డీ పెరిగిన పెద్ద మిట్టలా ఉంటుంది, గోడ అని తెలియక అందరూ దాటేసి నేరుగా తోరణాల దగ్గరికి వెళ్లిపోతారు. మీరు బండి ఆపి పైకి ఎక్కండి. మేకలు ఎక్కే కాలిబాట ఉంటుంది. ఎండ ఎక్కకముందే వెళ్లండి, నీళ్లు తీసుకెళ్లండి.